పాత లెన్సు, కొత్త కెమెరా: మీరు అడిగినవి, నాకు తెలిసినవి

పోయిన సంచికలో నా పాత 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన ఫొటో ఒకటి అచ్చయింది. కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న ఒక పెద్దావిడ చేతులు. ఫోకస్ సూది బెజ్జం మీద మాత్రమే ఉంది, మిగతాదంతా మెత్తగా కరిగిపోయింది. దాని కింద ‘చేత్తో ఫోకస్ చేసే పాత లెన్సు, కొత్త డిజిటల్ కెమెరా’ అని ఒక్క ముక్క రాశాను. ఆ ఒక్క ముక్క మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఫిలిం రోజుల నుంచి ఈ లెన్సులు నా చేతుల్లో ఉన్నాయి. వాటి గురించి అడిగేవాళ్లు ఉంటే చెప్పడం నాకు ఇష్టం. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

మా మామయ్య వాడిన ఫిలిం కెమెరా బీరువాలో దొరికింది. కెమెరా పనిచేయడం లేదు, లెన్సు మాత్రం బాగానే కనిపిస్తోంది. నా మిర్రర్‌లెస్ కెమెరాకు దాన్ని తగిలించవచ్చా? ఏ అడాప్టర్ కొనాలో ఎలా తెలుస్తుంది? – ఒక కాలేజీ విద్యార్థిని

దాదాపు ఖాయంగా తగిలించవచ్చు. ఎందుకో తెలిస్తే అడాప్టర్ సంగతి కూడా తేలిపోతుంది.

ప్రతి లెన్సూ తన మౌంట్ (కెమెరాకు తగిలించే భాగం) అంచు నుంచి ఫిలిం దాకా ఇంత దూరం ఉంటుందన్న లెక్క మీద తయారవుతుంది. పాత ఎస్సెల్లార్ కెమెరాల్లో లెన్సుకూ ఫిలింకూ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉండేది. దానికి చోటు కావాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ. నికాన్ ఎఫ్ మౌంట్‌కు 46.5 మి.మీ., ఎం42 మర మౌంట్‌కు 45.46, మినోల్టాకు 43.5, కెనాన్ ఎఫ్‌డికి 42. మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దమే లేదు. అందుకే సోనీ ఇ మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ., కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20, నికాన్ జెడ్‌లో 16. ఈ రెండు లెక్కల మధ్య మిగిలిన చోటును పూరించే ఖాళీ గొట్టమే అడాప్టర్. ఎం42 లెన్సును సోనీకి పెట్టాలంటే 45.46లోంచి 18 తీసేయండి, 27.46 మి.మీ. వస్తుంది. ఆ మందం ఉన్న గొట్టానికి ఒక వైపు మర, మరో వైపు కెమెరా మౌంట్ ఉంటే చాలు. అందులో గాజు ఉండదు, ఉండనక్కర్లేదు. 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్ రకం మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చినప్పుడే పాత లెన్సులు బీరువాల్లోంచి బయటికి రావడం మొదలైంది. 2013లో సోనీ ఏ7 వచ్చాక 35 మి.మీ. ఫిలిం ఫ్రేమంత సెన్సార్ మీద వాటిని వాడటం సులువైంది.

ఇక మీ లెన్సు ఏ మౌంట్‌దో చూడాలి. కెమెరా ఇంకా మీ దగ్గరే ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే, దాని పేరును బట్టి మౌంట్ తెలుస్తుంది. లెన్సు వెనక మరలు ఉంటే స్కేలుతో వ్యాసం కొలవండి. 42 మి.మీ. ఉంటే చాలావరకు ఎం42, 39 ఉంటే పాత లైకా మర. ఒక్క జాగ్రత్త: టీ మౌంట్ కూడా 42 మిల్లీమీటర్లే. కానీ ఎం42 మరల మధ్య దూరం 1 మి.మీ. అయితే దానిది 0.75. తప్పుగా జత చేస్తే ఒక చుట్టు దాకా తిరిగి బిగుసుకుపోతుంది. అలా బిగిసినప్పుడు బలం పెట్టకండి, వెనక్కు తిప్పి తీసేయండి. మరలు లేకుండా చెవుల్లాంటి పలకలు ఉంటే అది బయొనెట్ మౌంట్.

మీ కెమెరా సెన్సార్ చిన్నదైతే, అంటే ఏపీఎస్-సి రకమైతే, 50 మి.మీ. లెన్సు చూపించే మేర 75 మి.మీ. లెన్సు చూపించేంతకు తగ్గుతుంది. ముఖాల ఫొటోలకు హాయిగా ఉంటుంది, చిన్న గదిలో ఇరుకనిపిస్తుంది.

నాది నికాన్ డీఎస్సెల్లార్, అద్దం ఉన్న డిజిటల్ కెమెరా. ఎం42 లెన్సుకు సన్నటి రింగులాంటి అడాప్టర్ కొన్నాను. దగ్గర వస్తువులు బాగా వస్తున్నాయి, గదికి అవతలి గోడ కూడా ఫోకస్ కావడం లేదు.

మీ లెన్సులో లోపం లేదు. పైన చెప్పిన లెక్కే మీకు అడ్డం తిరిగింది. మీ కెమెరా మౌంట్ అయిన నికాన్ ఎఫ్‌కు కావలసిన దూరం 46.5, మీ లెన్సుకు కావలసినది 45.46. అడాప్టర్ మందం సున్నా అనుకున్నా లెన్సు ఉండాల్సిన చోటికి 1.04 మి.మీ. ముందుకు జరిగి ఉంటుంది. ఆ కాస్తకే 50 మి.మీ. లెన్సు రెండున్నర మీటర్లకు మించి చూడలేదు. అడాప్టర్ మందం కూడా కలిస్తే ఇంకా దగ్గరికి వచ్చేస్తుంది. గాజు ముక్క పెట్టిన అడాప్టర్లతో దూరం ఫోకస్ అవుతుంది కానీ, ఆ గాజు లెన్సు గుణాన్ని పాడుచేస్తుంది. నేను వాడను, మిమ్మల్నీ వాడమనను. పువ్వులు, ఆకులు, చేతిపని వస్తువులు తీయడానికి ఈ జత ఉంచుకోండి. కెనాన్ ఈఎఫ్ మౌంట్ దూరం 44 కాబట్టి ఆ డీఎస్సెల్లార్ల మీద ఇదే లెన్సు గాజు లేకుండా అనంతం దాకా, అంటే ఎంత దూరమైనా, చూస్తుంది. ఆ కెమెరా ఉన్న స్నేహితులెవరైనా ఉంటే ఒకసారి పెట్టి చూడండి.

అడాప్టర్ పెట్టాక బటన్ నొక్కితే కెమెరా కదలడం లేదు. ‘లెన్సు లేదు’ అంటోంది. ఇంకో లెన్సుతో అయితే ఫొటో పడుతోంది కానీ అపర్చర్ రింగు ఎంత తిప్పినా వెలుతురులో తేడా లేదు.

మొదటిది మెనూలో సరిచేసుకోవచ్చు. లెన్సు లేకున్నా షట్టర్ పడనివ్వాలా అని అడిగే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. రెండోదానికి లెన్సునే చూడాలి. పాత లెన్సులు చాలావాటిలో ఫొటో తీసే క్షణం వరకూ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచే ఉంటుంది, కెమెరా ఒక పుల్లనో మీటనో నొక్కినప్పుడే మూసుకుంటుంది. కొత్త కెమెరాకు ఆ పుల్ల సంగతి తెలియదు. లెన్సు పక్కన ఏ, ఎం అని చిన్న మీట ఉంటే ఎం వైపు జరపండి. అది లేకపోతే, పుల్లను లోపలికి నొక్కి ఉంచే అంచు ఉన్న అడాప్టర్ కావాలి. కెనాన్ ఎఫ్‌డి అయితే అడాప్టర్ మీదే ఒక రింగు ఉంటుంది, దాన్ని తిప్పాలి.

ఆ తర్వాత కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో పెట్టండి. రింగు మీరు తిప్పుతారు, లోపలికి వచ్చిన వెలుతురును బట్టి షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. లైట్ మీటర్ ఏమీ అక్కర్లేదు.

సగం ఫొటోలు మసకగా వస్తున్నాయి. ఫోకస్ పీకింగ్‌లో కన్ను చుట్టూ ఎర్రగీతలు చూసే తీశాను. కంప్యూటర్ మీద చూస్తే చెవి స్పష్టంగా ఉంది, కన్ను లేదు. నా చూపు లోపమా, లెన్సు లోపమా? – ఒక స్కూలు టీచరు

రెండూ కాదు టీచరుగారూ. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే ప్రశ్న అడిగాయి కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ముందు, మీ చేతిలో ఉన్న చోటు ఎంతో చూడండి. 50 మి.మీ. లెన్సును ఎఫ్ 1.4 దగ్గర తెరిచి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపర్చర్ అంత పెద్దది), ఒక మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే మందం సుమారు మూడు సెంటీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు, అంటే ఫిలిం ఫ్రేమంత సెన్సార్ ఉన్నదానికి, పాత పుస్తకాల లెక్క ప్రకారం. ఆ లెక్క ఓ మోస్తరు సైజు ప్రింటును చేయి దూరంలో పట్టుకుని చూసేవాళ్ల కోసం వేసింది. మీరు కంప్యూటర్ మీద నూటికి నూరు శాతం పెద్దది చేసి చూస్తున్నారు కాబట్టి మీకు మిగిలేది అందులో సగమో ఇంకా తక్కువో. కంటిపాప నుంచి చెవికి ఉన్న దూరం దానికి ఎన్నో రెట్లు. ఎదుటి మనిషి ఊపిరి తీసుకున్నా తల కాస్త జరుగుతుంది.

పీకింగ్ ఎర్రగీతలు ఇంత సన్నని పనికి సరిపోవు. తెర మీద ఎక్కడ చీకటి వెలుగుల తేడా గట్టిగా ఉంటే అక్కడ కెమెరా గీత వేస్తుంది, అంతే. కనురెప్పల నల్లటి అంచు కాస్త ఫోకస్ తప్పినా తేడా గట్టిగానే ఉంటుంది, గీత పడుతుంది. పీకింగ్‌ను దారి చూపించడానికి వాడండి, చివరి మాట దాని చేత చెప్పించకండి. దాని తీవ్రతను తక్కువ స్థాయిలో పెడితే కొంత నయం. చివరి మాట మాగ్నిఫికేషన్‌ది. వ్యూఫైండర్‌లో బొమ్మను ఐదు రెట్లో పది రెట్లో పెద్దది చేసే సౌకర్యాన్ని బొటనవేలికి అందే బటన్‌కు పెట్టుకోండి. ఈ ఒక్క మార్పు నా ఫొటోల్ని మార్చినంతగా ఏ కొత్త లెన్సూ మార్చలేదు.

ఇప్పుడు చేతుల సంగతి. ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఉండాలి, బరువంతా దాని మీదే. బొటనవేలూ చూపుడు వేలూ రింగుకు చెరో పక్కన. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. మాగ్నిఫికేషన్‌లో కన్ను చూస్తూ రింగును నెమ్మదిగా తిప్పండి. కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా విచ్చుకుంటాయి, మళ్లీ కలిసిపోతాయి. ఆ కలిసిపోయే చోటు దాకా వెళ్లి వెనక్కు రావాలి. దాటకుండా ఆగితే శిఖరం ఎక్కడుందో తెలియదు. అది దొరికాక ఇక రింగు ముట్టుకోకండి. ఎదుటి మనిషి జరిగితే మీరు నడుము దగ్గర ఒక్క వెంట్రుకవాసి ముందుకో వెనక్కో ఊగండి, వెంట్రుకలు విచ్చుకున్న క్షణంలో నొక్కండి. మూడు నాలుగు ఫ్రేములు వరుసగా తీస్తే ఒకటైనా సరిగ్గా పడుతుంది. సూదీ దారం ఫొటో నేను పదకొండు ఫ్రేములు తీశాను. రెండింటిలో బెజ్జం దొరికింది, వాటిలో ఒకదానిలో దారం కూడా దొరికింది.

ఫోకస్ ఎప్పుడూ లెన్సు పూర్తిగా తెరిచి చేసి, తర్వాత కావలసిన అపర్చర్‌కు మూయండి. ఎఫ్ 8 దగ్గర అంతా కాస్త కాస్త స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి అసలు చోటు కంటికి దొరకదు. దీనికి ఒక మినహాయింపు ఉంది: ఎఫ్ 1.2, ఎఫ్ 1.4 లాంటి పాత వేగపు (వెలుతురు ఎక్కువ రానిచ్చే) లెన్సులు కొన్నింటిలో అపర్చర్‌ను ఒకటి రెండు స్టాపులు, అంటే మెట్లు, మూయగానే ఫోకస్ చోటు తనంతట తానే కొంచెం జరుగుతుంది. అలాంటి లెన్సుతో ఎఫ్ 2, ఎఫ్ 2.8 దగ్గర తీసేటప్పుడు ఆ అపర్చర్ దగ్గరే ఫోకస్ చేయాలి. మీ లెన్సుకు ఆ గుణం ఉందో లేదో ఒక స్కేలును ఏటవాలుగా పెట్టి నాలుగు ఫొటోలు తీస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మసకకు ఇంకో కారణం చెయ్యి వణకడం. మీ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (ఆ వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే అది లెన్సు ఫోకల్ పొడవును, అంటే దాని మిల్లీమీటర్ల అంకెను, బట్టి పనిచేస్తుంది. పాత లెన్సు ఆ సంగతి కెమెరాకు చెప్పలేదు. మెనూలో మీరే అంకె వేయాలి, లెన్సు మీద రాసి ఉన్న అంకె యథాతథంగా. 50 అని ఉంటే 50, సెన్సార్ చిన్నదని 75 వేయకండి. 135 లెన్సు పెట్టి 28 అంకె మార్చడం మరిచిపోతే స్టెబిలైజేషన్ సరిగా పనిచేయదు. ఇది నాకూ ఒకటికి రెండుసార్లు జరిగింది.

కదిలే పిల్లల్ని తీయాలన్నారు. అప్పుడు పద్ధతే వేరు. 28 మి.మీ. లెన్సు పెట్టి, ఎఫ్ 8కి మూసి, ఫోకస్ రింగును 3.3 మీటర్ల దగ్గర పెట్టి వదిలేయండి. పాత లెక్కలో 1.6 మీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టం. లెన్సు మీద రంగు గీతలతో ఉండే స్కేలు ఈ పనికోసమే చెక్కారు. డిజిటల్ కాబట్టి కాస్త కఠినంగా ఉండండి: అపర్చర్ ఎఫ్ 8లో ఉంటే స్కేలు మీద ఎఫ్ 4 గీతల మధ్య ఉన్న చోటునే నమ్మండి. ఇక పిల్లల ముఖాలు చూడటమే మీ పని.

రింగును అనంతం గుర్తు దాకా తిప్పినా దూరపు కొండలు మెత్తగా వస్తున్నాయి.

అడాప్టర్‌ను అనుమానించండి. అది ఉండాల్సినదాని కంటే మిల్లీమీటరులో పదో వంతు పొడవున్నా చాలు, 50 మి.మీ. లెన్సు ‘అనంతం’ 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 28 మి.మీ. లెన్సు అయితే ఎనిమిది మీటర్లయినా దాటదు. పదో వంతు మిల్లీమీటరంటే మామూలు కాగితం మందం.

ఈ మాట నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక అడాప్టర్ కొని, పరీక్షించకుండానే కొండ మీదికి పట్టుకెళ్లాను. తెల్లవారుజాము వెలుతురు, లోయలో పొగమంచు. రింగును చివరిదాకా తిప్పి, అనంతం అని నమ్మి, రెండు గంటలు తీశాను. తిరిగొచ్చి చూస్తే నా ముందున్న గడ్డిపోచల తర్వాతి చెట్లు మాత్రమే పదునుగా ఉన్నాయి. ఆ పొగమంచు నాకు మళ్లీ దొరకలేదు. అందుకే చెప్తున్నాను, అడాప్టర్ కొన్న రోజే దూరంగా ఉన్న సెల్ టవర్‌నో, రాత్రిపూట ఒక నక్షత్రాన్నో మాగ్నిఫికేషన్‌లో చూసి పరీక్షించండి.

ఈ ఇబ్బంది రాకూడదనే చాలా అడాప్టర్లను కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. అప్పుడు అనంతం ఫోకస్ గుర్తుకంటే కొంచెం ముందే వస్తుంది, రింగు దాన్ని దాటి తిరుగుతుంది. అది నష్టం కాదు, దూరపు దృశ్యానికి కూడా కంటితో చూసి ఫోకస్ చేయాలి, అంతే. కానీ అప్పుడు లెన్సు మీది మీటర్ల అంకెలు కొంచెం అబద్ధం చెప్తాయి, పైన చెప్పిన 28 మి.మీ. పద్ధతికి ఆ తేడా సర్దుకోవాలి. అడాప్టర్‌లో ఊగిసలాట ఉందేమో కూడా చూడండి. లెన్సు పట్టుకుని మెల్లగా కదిపితే టకటకమంటే, ఫ్రేములో ఒక పక్క పదునుగా, ఇంకో పక్క మెత్తగా వస్తుంది. అలాంటిది తిరిగి ఇచ్చేయండి.

హీలియోస్ 44-2 కొన్నాను. అందరి ఫొటోల్లో నేపథ్యం సుడి తిరుగుతుంది. నాకు మాత్రం రావడం లేదు. నకిలీ లెన్సా?

నకిలీ అనుకోనక్కర్లేదు. ముందు ఆ సుడి ఎలా పుడుతుందో చూడండి. హీలియోస్ 44 అన్నది జర్మనీలోని కార్ల్ జైస్ జేనా వారి బయోటార్ 58 మి.మీ. ఎఫ్ 2 నమూనా మీద సోవియట్ కాలంలో చేసిన లెన్సు. జెనిత్ కెమెరాలతో కలిసి ప్రపంచమంతా తిరిగింది. దాని గొట్టం అంచులు, పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురును కొంత కోసేస్తాయి. దాంతో ఫ్రేము మధ్యలో గుండ్రంగా ఉండే మసక చుక్కలు అంచులకు పోయేకొద్దీ పిల్లి కన్నులా సన్నబడతాయి. ఆ పిల్లికళ్లన్నీ మధ్య బిందువు చుట్టూ వరుస కట్టినట్టు ఉంటాయి కాబట్టి మన కంటికి సుడిలా తోస్తుంది. అంచుల్లో ఫోకస్ తలం వంగి ఉండటం దానికి తోడవుతుంది.

కాబట్టి సుడి ఉండేది అంచుల్లో. మీ కెమెరా ఏపీఎస్-సి అని రాశారు, అది ఆ అంచుల్నే కత్తిరించేస్తోంది. మిగిలినది రాబట్టాలంటే లెన్సు పూర్తిగా ఎఫ్ 2లో ఉండాలి, ఎఫ్ 4కి వచ్చేసరికి సుడి పోతుంది. మనిషిని ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబెట్టి, వెనక ఐదారు మీటర్లకు అవతల ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలుగా పడే చెట్టు ఉండేలా చూసుకోండి. నున్నటి గోడ ముందు ఏ లెన్సూ సుడి తిప్పలేదు. ఎఫ్ 2 అని మీరు అనుకుంటున్నది నిజంగా ఎఫ్ 2యేనా అన్నది కూడా చూసుకోండి. 44-2కి రెండు రింగులు: ఒకటి ఎంత వరకు మూయాలో ముందే నిర్ణయిస్తుంది, రెండోది నిజంగా మూసి తెరుస్తుంది. ముందు నుంచి లెన్సులోకి చూస్తే, అపర్చర్‌ను మూసే ఎనిమిది రేకులూ కనపడకుండా పోయినప్పుడే పూర్తిగా తెరిచినట్టు.

ఇది ఒకటి కంటే ఎక్కువ ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి తయారైంది. రెండు హీలియోస్‌లు ఒకేలా ఉండవు. నా దగ్గరున్నది సుడి కంటే ముఖాల మీద పడే మెత్తని వెలుతురుకు బాగుంటుంది, నేను దాన్ని అందుకే వాడతాను.

మా దగ్గర సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 ఉంది. గాజు టీ రంగులో ఉంది. అందులో రేడియోధార్మికత ఉందని ఒకరు భయపెట్టారు. పారేయాలా?

పారేయకండి! మంచి లెన్సు అది. పెంటాక్స్ వాళ్లు చేసిన ఈ లెన్సులో ఎనిమిది గాజులున్న తొలి రకం తర్వాత వచ్చిన ఏడు గాజుల రకంలో, ఒక గాజులో థోరియం ఆక్సైడ్ కలిపారు. వెలుతురును గట్టిగా వంచుతూ, రంగుల్ని విడగొట్టకుండా ఉండే గాజు కోసం ఆ రోజుల్లో చాలా కంపెనీలు అదే చేశాయి. దశాబ్దాల తరబడి ఆ థోరియం వెలువరించే కిరణాల వల్లే గాజు పసుపుబారుతుంది. కెమెరాకు తగిలించి ఫొటోలు తీసుకోవడం వల్ల శరీరానికి తగిలేది చాలా తక్కువ. చేయకూడనివి మాత్రం ఉన్నాయి: ఆ గాజును అరగదీయకూడదు, పగిలితే పొడిని పీల్చకూడదు, దాన్ని భూతద్దంగా కంటికి ఆనించి వాడకూడదు, దిండు కింద పెట్టుకు పడుకోకూడదు.

రంగు పోగొట్టడానికి అతినీలలోహిత కాంతి కావాలి. రెండు మూతలూ తీసి, యూవీ ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులు, పసుపు ఎక్కువైతే కొన్ని వారాలు ఉంచండి. వెనక వైపు మెరిసే రేకు పెడితే వెలుతురు మళ్లీ లోపలికి వస్తుంది. ఎండలో కూడా పోతుంది కానీ, ఎండలో లెన్సు భూతద్దమే, దాని వెనక ఏముంటే అది కాలుతుంది, పైగా వేడికి లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి పాకుతుంది. నేను దీపాన్నే నమ్ముతాను. అది చేసే ఓపిక లేకపోయినా ఫరవాలేదు. వైట్ బ్యాలెన్స్ రంగును సరిచేసేస్తుంది, కొంత వెలుతురు మాత్రం నష్టపోతారు.

టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడులా ఉంది. నేనే విప్పి శుభ్రం చేయవచ్చా?

టార్చి వేసి చూశారంటే సగం వైద్యుడయ్యారు. ఆ వెలుగులో ప్రతి దుమ్ము రేణువూ భూతంలా కనిపిస్తుంది కాబట్టి ముందు భయపడకండి. కొమ్మలు కొమ్మలుగా పాకిన తెల్లటి పోగులు ఫంగస్. గాజంతా పరుచుకున్న పొగలాంటి పొర తేమ, నూనె ఆవిరుల వల్ల వచ్చేది. అంచు దగ్గర ఇంద్రధనుస్సులా మెరిసే మరక అంటించిన రెండు గాజులు విడిపోతున్న గుర్తు, అది ఇంట్లో బాగయ్యేది కాదు. ఫంగస్ ఒక మూల కాస్త ఉంటే ఫొటోలో కనపడనే కనపడదు. పొర మాత్రం పలచగా ఉన్నా ఎదురు వెలుతురులో ఫొటోను పాలిపోయేలా చేస్తుంది.

ముందు గాజునో వెనక గాజునో పట్టి ఉంచే రింగు విప్పి, కింది గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం వరకు ఓపిక ఉన్నవాళ్లు చేయవచ్చు. ప్రతి మెట్టులోనూ ఫోనుతో ఫొటో తీయండి. ఏ గాజు ఏ వైపు తిరిగి ఉందో పెన్సిలుతో అంచు మీద గుర్తు పెట్టండి. అంటించిన గాజుల్ని ఏ ద్రవంలోనూ నానబెట్టకండి. జపాన్ లెన్సుల మరలకు వాళ్ల జేఐఎస్ కొలత స్క్రూడ్రైవర్ వాడాలి, మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ తలను తినేస్తుంది. ఫంగస్ గాజు మీది కోటింగ్‌ను తినేసి ఉంటే తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది, దాన్ని రుద్దకండి.

ఫోకస్ రింగు లోపలి మరల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ మర ఒకచోట మొదలవదు, చుట్టూ ఎన్నో మొదళ్లు ఉంటాయి, వాటిలో సరైనది ఒక్కటే. రెండు ముక్కలూ విడిపోయే చోటు గుర్తు పెట్టకుండా విప్పిన లెన్సు ఒకటి నా బల్ల మీద వారం రోజులు పడి ఉంది. ఒక్కో మొదలూ పట్టించి, బిగించి, కెమెరాకు పెట్టి, అనంతం వస్తుందా అని చూసి, మళ్లీ విప్పి... ఏడో రోజు వచ్చింది. ఆ వారం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక ముందు రాకుండా చూడాలంటే తోలు పెట్టెలో దాచకండి, అది తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, అరవై శాతం తేమ దాటలేదని చూపించే చిన్న మీటరు. అన్నిటికంటే మంచిది వాడుతూ ఉండటం.

రేకుల మీద నూనె ఉందని ఇంకొకరు రాశారు. ఫిలిం కెమెరాలో అయితే రేకులు క్షణంలో మూసుకోవాలి కాబట్టి నూనె పెద్ద జబ్బు. మీరు చేత్తో మూసి వాడుతున్నారు కాబట్టి రేకులు నెమ్మదిగా కదిలినా పని నడుస్తుంది. రింగు తిప్పినప్పుడు అవి నిజంగా మూసుకుంటున్నాయో లేదో చూసుకుంటే చాలు.

ఎదురు వెలుతురులో ఫొటో మొత్తం తెల్లగా పాలిపోతోంది. ఎఫ్ 16కి మూస్తే మధ్యలో ఒక తెల్లని గుండ్రటి మచ్చ కూడా వస్తోంది.

పాలిపోవడానికి మందు లెన్స్ హుడ్, లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం. పాత లెన్సుల కోటింగ్ పలచన, చాలావాటికి ఒకే పొర. నేను హుడ్ లేకుండా పాత లెన్సు బయటికి తీయను. అది దగ్గర లేకపోతే ఎడమ అరచేతిని ఫ్రేములోకి రాకుండా లెన్సు పైన గొడుగులా పట్టండి, వ్యూఫైండర్‌లో నలుపు నల్లగా మారడం మీ కళ్లతోనే చూస్తారు.

మధ్యలో మచ్చకు కారణం సెన్సార్. ఫిలిం కంటే సెన్సార్ బాగా మెరుస్తుంది. దాని మీద పడిన వెలుతురు వెనక్కు తిరిగి లెన్సు వెనక గాజును తాకి, మళ్లీ సెన్సార్ మీదికే వస్తుంది. ఆ లెన్సులు చేసినవాళ్లు ఈ మెరుపు కోసం లెక్క వేయలేదు. ఎఫ్ 8 దాటకుండా ఉంటే చాలావరకు కనపడదు. ఎఫ్ 16కి మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల పదును కూడా తగ్గుతుంది, అక్కడి దాకా వెళ్లాల్సిన పని అరుదు.

నా ఆటోఫోకస్ లెన్సు దీనికంటే పదునుగా ఉంది. మరి ఇంత శ్రమ ఎందుకు?

మీ పనికి పదునూ వేగమూ కావాలంటే ఆటోఫోకస్సే వాడండి, నేనూ వాడతాను. పరుగు పందెం తీయమంటే పాత లెన్సు ముట్టుకోను. కానీ ఎదుట కూర్చున్న మనిషిని తీసేటప్పుడు నాకు పాత లెన్సే కావాలి. ఆటోఫోకస్ కన్నును తనే వెతికి పట్టేస్తుంది, అక్కడితో నేను చూడటం ఆపేస్తాను. చేత్తో తిప్పేటప్పుడు ముందు ముక్కు, తర్వాత కనురెప్ప, తర్వాత కన్ను, చెంప మీది పుట్టుమచ్చ ఒక్కొక్కటే తేలుతూ వస్తాయి. సూదీ దారం ఫొటోలో నేను మొదట ఆమె ముఖం తీద్దామని కూర్చున్నాను. రింగు తిప్పుతుంటే సూది తేలింది, అక్కడ ఆగాను.

కంప్యూటర్‌లో చూస్తే ఏ ఫొటో ఏ లెన్సుతో తీశానో, ఏ అపర్చరో తెలియడం లేదు.

తెలియదు, ఎందుకంటే పాత లెన్సు కెమెరాతో మాట్లాడదు. నేను లెన్సు మార్చినప్పుడల్లా కొత్తగా పెట్టబోయే లెన్సు ముందు రింగును, పేరూ అంకెలూ కనపడేలా, ఫోనుతో ఒక ఫొటో తీస్తాను. ఇంటికొచ్చాక సమయాల్ని బట్టి కలుపుకుంటాను. అందుకు కెమెరా గడియారమూ ఫోను గడియారమూ ఒకటే చూపాలి. అపర్చర్ కూడా గుర్తుండాలంటే ఒక చిన్న పుస్తకం జేబులో పెట్టుకోండి. నా పుస్తకంలో సూదీ దారం పేజీలో ‘50, ఎఫ్ 2, కిటికీ ఎడమ, మూడో ప్రయత్నానికి దారం ఎక్కింది’ అని ఉంది.